బుల్లెట్‌కు కంప్రెషన్ పెంచాలంటే పిస్టన్ కన్న ముందు సిరంజి కొనండ్రి

"అన్నా, ఏ పిస్టన్ వేస్తే పది కంప్రెషన్ వస్తది" అని అడిగే తమ్ముళ్లకు నేను ఒక్కటే చెప్త, ముందు మెడికల్ షాపుకు పోయి 20 ఎంఎల్ సిరంజి తెచ్చుకో, పిస్టన్ సంగతి తర్వాత చూద్దాం అని. నవ్వుతరు. ఒకప్పుడు నేను కూడ నవ్వేటోన్నే.

నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350, యూసీఈ అనే పాత ఇంజిన్‌ది. డబ్బా మీద హై కంప్రెషన్ అని రాసున్న పిస్టన్ ఒకటి తెచ్చిన, లేత్ షాపుల "ఎట్లాగు హెడ్ విప్పినం కద, జర ఫేసింగ్ కూడ కొట్టన్నా" అన్న (హెడ్ అంటే సిలిండర్ మీది మూత, ఫేసింగ్ అంటే దాని అడుగును జర చెక్కి చదును చేసుడు), మళ్ల ఆ రెండింటి నడుమ సన్న హెడ్ ప్యాకింగ్ వేయించిన. మూడు పనులూ ఒకటే రోజు, ఒక్కటి కూడ కొలవకుంట. ఏప్రిల్ ఎండల మా బామ్మర్దిని వెనక కూసోబెట్టుకొని హన్మకొండ నుంచి ములుగు దాటి లక్నవరం పోతుంటే, నాలుగో గేర్‌ల థ్రాటిల్ ఇచ్చినప్పుడల్ల రేకు డబ్బాల గులకరాళ్లు పోసి ఊపినట్టు సప్పుడు. టాపెట్ సప్పుడేమో అనుకొని పోనిచ్చిన, గ్యాప్ తామే సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లున్న బండికి టాపెట్ సప్పుడు ఎక్కడిది అని అప్పుడు తట్టలే. వచ్చినంక విప్పి చూస్తే పిస్టన్ అంచు చెద తిన్న కట్టె లెక్క అయింది, పై రింగు కూసునే గట్టు విరిగి ఆయిల్‌ల పడ్డది. తర్వాత కాయితం పెన్ను పట్టుకొని లెక్క తీస్తే 9.5 అనుకున్న కంప్రెషన్ 10.3 దాటి పోయింది. పిస్టన్ తప్పు లేదు, లేతాయన తప్పు లేదు, మూడింటినీ కలిపి లెక్క చేయని నాదే తప్పు.

కాబట్టి ఇది ఏ పార్టు మంచిదో చెప్పే ముచ్చట కాదు. ఏ పార్టు మారిస్తే ఎన్ని సీసీలు తగ్గుతయ్, ఎన్ని పెరుగుతయ్, అది ఇంట్ల కూసొని ఎట్ల కొలవాలె, ఎక్కడ ఆగాలె, గంతే.

ముందు లెక్క, భయపడకండ్రి, ఎనిమిదో తరగతి లెక్కనే

పిస్టన్ కింద ఉన్నప్పుడు సిలిండర్‌ల మొత్తం జాగ ఎంత, పైకి వచ్చినప్పుడు మిగిలిన జాగ ఎంత, మొదటిదాన్ని రెండోదానితోని భాగిస్తే వచ్చేదే కంప్రెషన్ రేషియో. పిస్టన్ తిరిగే జాగకు సూత్రం: 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్, బోర్ అంటే సిలిండర్ వెడల్పు, స్ట్రోక్ అంటే పిస్టన్ కింది నుంచి పైకి పోయే దూరం, అన్నీ సెంటీమీటర్లల్ల వేస్తే సీసీ వస్తది. యూసీఈ 350 బోర్ 70 ఎంఎం, స్ట్రోక్ 90 ఎంఎం, అంటే 0.7854 × 7 × 7 × 9 = 346.4 సీసీ. కంపెనీ చెప్పిన రేషియో 8.5. ఇగ ఉల్టా లెక్క చేయండ్రి, రేషియోల నుంచి ఒకటి తీసేసి, 346.4ని 7.5తోని భాగిస్తే 46.2 సీసీ. పిస్టన్ పైనున్నప్పుడు మిగిలే జాగ ఇదే, దీన్ని నేను పై జాగ అంట.

9.5 కావాలంటే? 346.4ని 8.5తోని భాగించాలె, 40.8 వస్తది. అంటే మొత్తం కథ 5.4 సీసీలది, ఒక టీ చెంచాకు జరంత ఎక్కువ. గా చెంచాడు జాగను ఎక్కడెక్కడ నుంచి తీసేయాలన్నదే బిల్డ్.

చిన్న ఇంజిన్లల్ల ఇది ఇంక నాజూకు. పాత స్ప్లెండర్ చూడండ్రి, బోర్ 50, స్ట్రోక్ 49.5, 97.2 సీసీ, రేషియో 9. పై జాగ 12.15 సీసీ మాత్రమే. అందుల ఒక్క సీసీ తగ్గితే రేషియో 9.7 అయితది! ఏండ్లకేండ్లు హెడ్ విప్పని బండ్లల్ల పేరుకున్న కార్బన్ కూడ ఇట్లనే జాగ తింటది, పాత బండి ఎండాకాలం నాకింగ్ (గా గులకరాళ్ల సప్పుడు) చేస్తుందంటే ముందు హెడ్ విప్పి గీకి చూడాల్సింది అందుకే.

ఎంత పెంచాలె

ఒక పాయింట్ పెంచితే బండి రాకెట్ అయితదని అనుకోకండ్రి. పుస్తకాల లెక్క ప్రకారం 8.5 నుంచి 9.5కు పోతే ఎఫిషియెన్సీ 3 శాతం పైచిలుకు పెరుగుతది, 9.5 నుంచి 10.5కు 2.7 శాతం, ఆ తర్వాత పాయింట్‌కు 2.3. పైకి పోయేకొద్ది లాభం తగ్గుతది, నాకింగ్ ప్రమాదం మాత్రం పెరుగుతనే ఉంటది. మరి జనాలు ఎందుకు పెంచుతరంటే పెద్ద క్యామ్ (క్యామ్ అంటే వాల్వులను తెరిచి మూసే భాగం, పెద్దదైతే ఎక్కువసేపు తెరిచి ఉంచుతది) వేసినప్పుడు దానికి ఇది తోడు కావాలె, ఆ సంగతి కిందికి వస్తది.

కంపెనీలు ఏం చేసినయో చూస్తే మనకు హద్దు తెలుస్తది. అదే కంపెనీ కొత్త 350 ఇంజిన్, 72 బోర్, 85.8 స్ట్రోక్, రేషియో 9.5. గాలితోటి, ఆయిల్‌తోటి చల్లబడే రెండు వాల్వుల ఇంజిన్. యమహా ఆర్15 మొదటి మోడల్ 10.4, మూడో వెర్షన్ 11.6, కాని అది నీళ్లతోని చల్లబడే ఇంజిన్, నాలుగు వాల్వులు, నడుమల ప్లగ్. "ఆర్15కు 11.6 ఉన్నప్పుడు నా బుల్లెట్‌కు 11 ఎందుకు వద్దు" అంటే ఇందుకే వద్దు. 70 ఎంఎం బోర్‌ల ప్లగ్గులు నడుమల కాదు, పక్కలకుంటయ్, మంట దూరంగున్న చోటికి పోయేసరికి అక్కడున్న మిశ్రమం వేడికి తనంతట తానే అంటుకుంటది, దాన్నే నాకింగ్ అంటరు.

మన దగ్గర ఎండలు కూడ లెక్కల పట్టండ్రి. మే నెలల వరంగల్, రామగుండం దిక్కు 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. ఇంజిన్ పీల్చే గాలే అంత వేడిగ ఉంటే కంప్రెస్ అయినంక ఎంతుంటదో చూసుకోండ్రి. మేడారం జాతరప్పుడు తాడ్వాయి దిక్కు ఫస్ట్ గేర్‌ల గంటలు గంటలు పాకే బండికి గాలి ఎక్కడ తగుల్తది. ఊటీల బిల్డ్ చేసినోని అంకె మనకు పనికిరాదు. గాలితోని చల్లబడే రెండు వాల్వుల సింగిల్ సిలిండర్ ఇంజిన్‌కు మన దగ్గర 9.5 దగ్గర ఆగమంట నేను. ఇది నా అభిప్రాయం, ఒకసారి కాలినోని అభిప్రాయం.

పెట్రోల్ సంగతి రెండు ముక్కలల్ల: ఇంతకుముందు మామూలు పెట్రోల్ 91 ఆక్టేన్ (నాకింగ్‌ను ఎంత తట్టుకుంటదో చెప్పే అంకె) లెక్కల వచ్చేది, ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన దానికి 95 స్టాండర్డ్. నాకింగ్ విషయంల అది మనకు మంచిదే, ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు చల్లదనం కూడ ఇస్తది. కాని కార్బొరేటర్ బండి పాత జెట్ (పెట్రోల్ వచ్చే సన్న బెజ్జం) మీద కొంచెం పల్చగ, అంటే గాలి ఎక్కువ ఇంధనం తక్కువ అయి నడుస్తది, పల్చగ నడిస్తే వేడెక్కుతది, వేడెక్కితే మళ్ల నాకింగ్. కాబట్టి ఆక్టేన్ పెరిగింది కద అని 10.5కు ఉరకకండ్రి.

ఇగ కొలుద్దాం

కావాల్సినవి: 20 ఎంఎల్ సిరంజి ఒకటి (ఒక ఎంఎల్ అంటే ఒక సీసీనే), చిన్న సవరణలకు 5 ఎంఎల్ ఒకటి, 6 ఎంఎం మందం యాక్రిలిక్ ముక్క (నేమ్ ప్లేట్లు చేసేటోళ్ల దగ్గర ముక్కలు దొరుకుతయ్), గ్రీజు, కిరోసిన్ దొరికితే కిరోసిన్ లేకుంటే పల్చటి ఆయిల్, మందం, లోతు కొలిచే వర్నియర్.

హెడ్ శుభ్రంగ గీకి, వాల్వులు పెట్టి, మీరు వాడబోయే ప్లగ్ (రెండుంటే రెండూ) బిగించి తలకిందులుగ పెట్టండ్రి. ప్లగ్ అదే ఉండాలె, పొడుగు తేడా ఉన్న ప్లగ్ పెడితే అంకె మారుతది. యాక్రిలిక్ ముక్కకు ఒక అంచున చిన్న బెజ్జం పొడిచి, హెడ్ అంచుకు సన్నగ గ్రీజు రాసి దాని మీద ఒత్తండ్రి. హెడ్‌ను జరంత వంచి బెజ్జం ఉన్న దిక్కు ఎత్తుగ పెడితే గాలి బుడగ అక్కడికే వస్తది. సిరంజితోని నింపుకుంట ఎన్నిసార్లు పోసిన్రో రాసుకోండ్రి, మతిల పెట్టుకుంట అనుకుంటే మూడోసారికి మర్చిపోతరు. మూడుసార్లు నింపండ్రి, మూడు అంకెల నడుమ అర సీసీ కన్న ఎక్కువ తేడా వస్తే ఎక్కడో కారుతుంది, సాధారణంగ వాల్వ్ సీటు దగ్గరనే.

ప్యాకింగ్ కొలవడానికి కొత్తది కాదు, వాడి తీసిందాని మందం చూడాలె, బిగించినంక ఎంత నలుగుతదో అదే లెక్క. దాని బెజ్జం బోర్ కన్న పెద్దగుంటది, అది కూడ కొలవండ్రి. ఉదాహరణకు 72 ఎంఎం బెజ్జం, 1 ఎంఎం మందం అయితే 0.7854 × 7.2 × 7.2 × 0.1 = 4.07 సీసీ.

పిస్టన్ పై దాకా వచ్చినంక సిలిండర్ అంచు కన్న ఎంత కిందుంటదో వర్నియర్ తోకతోని చూడండ్రి, గడ్జన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్) ఉన్న వరుసలనే కొలవాలె, ముందు వెనక కొలిస్తే పిస్టన్ ఊగుడుకు అంకె తప్పొస్తది. 70 బోర్‌కు 1 ఎంఎం ఎత్తు అంటే 3.85 సీసీ, ఈ ఒక్క అంకె గోడ మీద రాసిపెట్టుకోండ్రి, ఎన్నిసార్లు అక్కరకొస్తదో.

పిస్టన్ తల మీద గుబ్బ ఉంటే దాని సీసీ కొలిచే ఉపాయం మంచిగుంటది. పిస్టన్‌ను అంచు నుంచి సరిగ్గ 10 ఎంఎం కిందికి దించండ్రి, రింగుల దిక్కు గ్రీజు పూసి కారకుంట చేసి, అంచు దాకా నింపండ్రి. తల చదునుగ ఉంటే 38.5 సీసీ పట్టాలె. 35.5 పట్టిందనుకోండ్రి, గుబ్బ 3 సీసీ. 39 పట్టిందంటే వాల్వ్ గుంటలు (వాల్వులు తగలకుంట పిస్టన్ తల మీద చెక్కినవి) అర సీసీ తింటున్నయ్. గుబ్బ 10 ఎంఎం కన్న ఎత్తుంటే ఇంక కిందికి దించి కొలవండ్రి.

లెక్క కోసం ఇట్ల పెట్టుకుందాం, మీ బండివి వేరే ఉంటయ్: హెడ్ 39.5, ప్యాకింగ్ 4.07, పిస్టన్ 0.6 ఎంఎం కిందుంది కాబట్టి 2.31, వాల్వ్ గుంటలు 0.3. కూడితే 46.18. 8.5 వచ్చింది. ఇగ ఇక్కడి నుంచి పని.

ఏ పార్టు ఏం చేస్తది

హెడ్ ఫేసింగ్ అందరికి తెలిసింది, చవక, అందుకే అందరు దాని మీదనే పడతరు. 5.4 సీసీ మొత్తం ఫేసింగ్‌తోనే తీయాలంటే 1.4 ఎంఎం కొట్టాలె, అంత కొడితే హెడ్ పల్చబడతది, ప్యాకింగ్ పదే పదే పోతది, వాల్వులు పిస్టన్ దగ్గరికొస్తయ్. హెడ్ కిందికి దిగితే ఇంకో రెండు తంటాలున్నయ్. బుల్లెట్ లెక్క పుష్‌రాడ్ (కిందున్న క్యామ్ నుంచి వాల్వు దిక్కు తోసే కడ్డీ) బండికి పుష్‌రాడ్ పొడుగైపోయినట్టు అయితది, హైడ్రాలిక్ లిఫ్టర్ (పైన చెప్పిన టాపెట్టే) కొంత సర్దుకుంటది కాని హద్దు దాటితే వాల్వు పూర్తిగ మూసుకోదు, వాల్వు మూసుకోకుంటే కంప్రెషన్ పెంచింది ఏం లాభం. చైన్‌తోని పైన క్యామ్ తిరిగే బండికి, స్ప్లెండర్ అసోంటి దానికి, క్యామ్ టైమింగ్ కొంచెం వెనక్కి పోతది. నా మటుకు నేను హెడ్ వంకర పోయినప్పుడే ఫేసింగ్, అదీ గీత తీసినంత.

ప్యాకింగులు మంచి సాధనం, ఎందుకంటే తప్పయితే వెనక్కి పోవచ్చు. సిలిండర్ కింద ప్యాకింగ్ 0.3 ఎంఎం సన్నది వేస్తే పిస్టన్ అంత పైకి వస్తది, 1.15 సీసీ తగ్గుతది. హెడ్ ప్యాకింగ్ 1 ఎంఎం నుంచి 0.7కు తెస్తే 1.22 సీసీ. రెండు కలిపితే 2.37, పై జాగ 43.8, రేషియో 8.9. రెండు ప్యాకింగుల ఖర్చుతోనే 0.4 పైకి ఎక్కినం.

దీనిల ఇంకో లాభముంది, మస్తు మంది పట్టించుకోరు. హెడ్‌ల చుట్టు చదును అంచు ఉంటే, పిస్టన్ అంచు దాని దగ్గరికి వచ్చినప్పుడు నడుమల మిశ్రమం పిండినట్టయి మధ్యకు ఉరుకుతది, దాన్నే స్క్విష్ అంటరు. మంట జల్ది పాకుతది, నాకింగ్ తగ్గుతది. పై లెక్కల ఆ గ్యాప్ 1.6 ఎంఎం నుంచి 1.0 అయింది. 0.8 నుంచి 1.0 దాకా మంచిది, 0.7 కిందికి పోకండ్రి, హై ఆర్పీఎంల కనెక్టింగ్ రాడ్ సాగుతది, బేరింగ్ ఆడుతది, పిస్టన్ పోయి హెడ్‌ను ముద్దు పెట్టుకుంటది. అంటే ఒకే కంప్రెషన్ రెండు తీర్ల తేవచ్చు: మందం ప్యాకింగ్ పెట్టి పెద్ద గుబ్బ పిస్టన్ వేయొచ్చు, లేకుంటే స్క్విష్ బిగించి చిన్న గుబ్బ వేయొచ్చు. రేషియో అంకె ఒకటే, కాని మొదటిది నాకింగ్ చేస్తది, రెండోది చేయదు. నాకు ఇంజిన్ పనిల అన్నిటికన్న నచ్చిన ముచ్చట ఇదే.

పిస్టన్ దగ్గరికొద్దాం. ఇంక 3 సీసీలు కావాలె కద, 3 సీసీ గుబ్బ ఉన్న పిస్టన్ వేస్తే పై జాగ 40.8, రేషియో 9.49. అయిపోయింది. నేను అప్పుడు వేసింది 6 సీసీ గుబ్బ, ఫేసింగ్ అర ఎంఎం అంటే 1.92, ప్యాకింగ్ 1.22. కూడి చూడండ్రి మీరే, 37.04 మిగులుతది, 10.35. డబ్బా మీది హై కంప్రెషన్ అన్న మాట ఏ హెడ్‌కు, ఏ ప్యాకింగ్‌కు అన్నది చెప్పదు. దుకాణపాయనను గుబ్బ ఎన్ని సీసీ, పిన్ నడిమి నుంచి పిస్టన్ పై అంచు దాకా ఎత్తు ఎంత, ఈ రెండు అడగండ్రి. ఆ ఎత్తు అర ఎంఎం తేడా ఉన్నా 1.9 సీసీ అటిటు అయితది. గుబ్బ మరీ ఎత్తుంటే మంటకు గోడ అడ్డం పెట్టినట్టు అయితది అని కూడ యాదుంచుకోండ్రి.

ఫోర్జ్‌డ్ (అచ్చుల పోసింది కాదు, ఒత్తి చేసిన) పిస్టన్ వేస్తే కంప్రెషన్ పెరుగుతది అనుకునేటోళ్లున్నరు. అది గట్టితనం, కంప్రెషన్ కాదు. అది వేడికి ఎక్కువ ఉబ్బుతది కాబట్టి బోర్‌ల గ్యాప్ ఎక్కువ వదలాలె, పిస్టన్ చేసినోడు చెప్పిన అంకెనే వదలాలె, లేతాయన చేతివాటం మీద కాదు. పొద్దున స్టార్ట్ చేస్తే జరసేపు టకటక అంటది, వేడెక్కితే పోతది.

బోర్ కొట్టిస్తే? హెడ్ అట్లనే ఉండి బోర్ పెరిగితే రేషియో దానంతట అదే పెరుగుతది. బుల్లెట్‌కు అర ఎంఎం ఓవర్‌సైజ్ వేస్తే 8.5 నుంచి 8.6, గంతే. కాని స్ప్లెండర్ 50 నుంచి 52 చేస్తే 105 సీసీ అయి, అదే 12.15 పై జాగల 9.65 అయితది, పిస్టన్ తల చదునుగ ఉన్నా సరే. స్ట్రోక్ పెంచితే డబుల్ దెబ్బ, తిరిగే జాగ పెరుగుతది, పిస్టన్ కూడ పెంచిన దాంట్ల సగం పైకి వస్తది, కాబట్టి పిన్ ఎత్తు తగ్గిన పిస్టన్ లేకుంటే సిలిండర్ కింద స్పేసర్ (మందం పలక) వేయాల్సి వస్తది. రోడ్డు మీద తిప్పే బండికి ఆర్సీల రాసున్న సీసీ మారేటట్టు చేయడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, ఆ సంగతి చూసుకోండ్రి. పొడుగు కనెక్టింగ్ రాడ్ ఒక్కటే వేస్తే రేషియో మారుతదా అంటే పిస్టన్ పైన ఆగే చోటు మారకుంటే మారదు.

తగ్గించేవి కూడ ఉంటయ్, అక్కడ దొంగలు పడతరు. వాల్వ్ గ్రైండింగ్ ఎక్కువ చేస్తే వాల్వు లోపలికి కుంగుతది, 36 ఎంఎం వాల్వు 0.3 ఎంఎం కుంగితే 0.3 సీసీ పోయినట్టే. హెడ్‌ల లోపల పాలిష్ కొట్టిస్తే అర సీసీ, ఒక సీసీ పెరుగుతది. ఒక సీసీ పెరిగితే మన 9.49 కాస్త 9.29కి దిగుతది. అందుకే వాల్వులు, పాలిష్ అన్నీ అయినంకనే హెడ్ చివరిసారి నింపి కొలవాలె, పిస్టన్ ఆ తర్వాతనే ఆర్డర్ పెట్టాలె.

క్యామ్ ముచ్చట

ఇప్పటిదాకా చెప్పింది కాయితం మీది కంప్రెషన్. నిజానికి ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ కింది నుంచి పైకి రావడం మొదలుపెట్టినంక కూడ కొంతసేపు తెరిచే ఉంటది, అది మూసుకున్నంకనే ఒత్తుడు మొదలైతది. కనెక్టింగ్ రాడ్ పొడుగు 180 ఎంఎం అని పట్టుకుందాం, మీది కొలుచుకోండ్రి. పిస్టన్ అడుగు తాకినంక క్రాంక్ ఇంకో 60 డిగ్రీలు తిరిగినప్పుడు వాల్వు మూసుకుంటే 90 స్ట్రోక్‌ల మిగిలేది 71.8, 70 డిగ్రీల దగ్గర అయితే 65.4. ఈ లెక్కన మన 9.5 ఇంజిన్ నిజంగ ఒత్తేది మొదటి క్యామ్‌కు 7.8, రెండోదానికి 7.2. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) 8.5 మీద పెద్ద క్యామ్ ఒక్కటే వేస్తే 7.0 నుంచి 6.5కు పడతది, "క్యామ్ వేస్తే కింద పికప్ చచ్చిపోయింది" అని లొల్లి పెట్టేటోళ్ల కథ ఇదే. నా కాలిన ఇంజిన్ స్టాక్ క్యామ్ మీద 8.5 దాకా ఒత్తింది, గాలితోని చల్లబడే దానికి ఎండాకాలం అది ఎక్కువనే.

క్యామ్ మార్చకుంట కంప్రెషన్ పెంచుతున్నరా, 9.5 మించకండ్రి. క్యామ్ కూడ మారుస్తున్నరా, దాని కాగితం మీద ఇన్‌టేక్ మూసుకునే డిగ్రీ చూసి ఈ లెక్క చేసి, అప్పుడు పిస్టన్ ఎంచుకోండ్రి.

బిగించేముందు ఉత్తగ ఒకసారి బిగించండ్రి

ఇది వదిలేస్తే నేను పైన చెప్పిందంత దండగ. పిస్టన్ తల మీద పిన్ వరుసల రెండు దిక్కుల మెత్తటి సోల్డర్ తీగ ముక్కలు గ్రీజుతోని అంటించండ్రి, వాల్వ్ గుంటల్ల పిల్లలు ఆడుకునే మట్టి 4 ఎంఎం మందం పెట్టండ్రి, అంటకుంట వాల్వులకు ఆయిల్ రాయండ్రి. మీరు వేయబోయే ప్యాకింగులే వేసి, టార్క్ రెంచ్‌తోని కరెక్ట్‌గ బిగించి, చేత్తోని రెండు రౌండ్లు తిప్పండ్రి. సెల్ఫ్ కొట్టకండ్రి, ఎక్కడన్న తగిలితే చేతికి తెలుస్తది, సెల్ఫ్‌కు తెల్వదు.

విప్పి తీగ మందం చూడండ్రి, అదే స్క్విష్. మట్టిని బ్లేడుతోని కోసి సన్నగున్న చోట కొలవండ్రి, ఇన్‌టేక్ దిక్కు కనీసం 1.5 ఎంఎం, ఎగ్జాస్ట్ దిక్కు 2 ఎంఎం ఉండాలె, ఎగ్జాస్ట్ వాల్వు వేడికి సాగుతది కాబట్టి దానికి ఎక్కువ. హైడ్రాలిక్ లిఫ్టర్ల బండికి ఒక మోసముంది, గట్టి వాల్వ్ స్ప్రింగ్ ఉంటే లిఫ్టర్ కుంగి వాల్వు పూర్తిగ తెరుచుకోదు, మట్టి మందంగ కనిపిస్తది, అంత మంచిగుంది అనుకుంటం. ఈ పరీక్ష వరకు మెత్తటి స్ప్రింగులు వేయండ్రి.

అంకె తప్పొస్తే ఇక్కడనే ప్యాకింగ్ మార్చి సరిచేయండ్రి, పిస్టన్ తల మీద గుంట చెక్కాల్సొస్తే చెక్కినంక గుబ్బ సీసీ మళ్ల కొలవండ్రి.

బండి నడిపినంక

ప్లగ్ ఒక మెట్టు చల్లటిది వేయండ్రి. మెయిన్ జెట్ ఒక సైజు పెద్దదితోని మొదలుపెట్టి ప్లగ్ రంగు చూసుకుంట తగ్గించండ్రి. ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ రవ్వ కొట్టే సమయం) మార్చే సౌకర్యం ఉంటే 2 డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టండ్రి. కంప్రెషన్ గేజ్ పెట్టి చూసి "నా బండికి తక్కువ చూపిస్తుంది" అని పరేషాన్ కాకండ్రి, యూసీఈల స్టార్టింగ్ కోసం ఆటో డీకంప్రెసర్ ఉంటది, కిక్ స్పీడ్‌ల అది వాల్వును కొంచెం ఎత్తే ఉంచుతది. అట్లాంటి బండికి సిలిండర్‌ల గాలి నింపి ఎంత కారుతుందో చూసే లీక్‌డౌన్ పరీక్షనే నమ్మాలె.

మొదటి 500 కిలోమీటర్లు ఒంటరిగ, సాయంత్రం పూట నడపండ్రి. తర్వాత హెడ్ నట్లు చల్లగున్నప్పుడు మళ్ల టార్క్ చూడండ్రి. ఆ తర్వాతనే వెనక మనిషిని కూసోబెట్టుకొని, ఎత్తుగున్న రోడ్డు మీద, పై గేర్‌ల తక్కువ స్పీడ్ నుంచి థ్రాటిల్ ఇచ్చి వినండ్రి. గులకరాళ్ల సప్పుడు వస్తే ఆ క్షణమే థ్రాటిల్ వదలండ్రి, ఇంటికొచ్చి ప్లగ్ తీసి తెల్ల పింగాణీ మీద భూతద్దం పెట్టి చూడండ్రి, మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం చుక్కలో ఉంటే నాకింగ్ ఖాయం. అప్పుడు ముందు టైమింగ్, తర్వాత జెట్, అయినా పోకుంటే మందం ప్యాకింగ్, ఇదే వరుస.

హెడ్ సీసీ, ప్యాకింగుల మందం, గుబ్బ, స్క్విష్, ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి టూల్ బాక్స్‌ల పెట్టండ్రి. రేపు ఇంకో మెకానిక్ ఆయిల్ లీక్ అని హెడ్ విప్పి, చేతికి దొరికిన 1 ఎంఎం ప్యాకింగ్ వేసి పంపుతడు, మీ 9.49 పోయి 9.24 అయితది, స్క్విష్ 1.3కు పోతది, బండి ఎందుకు మందమైందో మీకు తెల్వదు, ఆయనకు అంతకన్న తెల్వదు.